సహజ వనరుల శాఖ బడ్జెట్ చదవడం నేర్చుకుందాం: 3వ పాఠం, ఏ గిన్నెలో డబ్బు?

పోయిన పాఠంలో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్ర చట్టసభ పర్యావరణ, సహజ వనరుల బిల్లును వెతికి పట్టుకోవడం దాకా వచ్చాం. అందులో సహజ వనరుల శాఖ (ఇక్కడ అందరూ డీఎన్ఆర్ అంటారు) సెక్షన్ తెరిచి, మొదట్లో కనిపించే మొత్తం అంకె రాసుకోమని హోంవర్క్ ఇచ్చాను. రాసుకున్నారా? ఇప్పుడు ఆ కాగితం పక్కన పెట్టేయండి. ఆ ఒక్క అంకె చూసి చెప్పగలిగేది దాదాపు ఏమీ లేదు.

ఇది నేను పరువు పోగొట్టుకుని నేర్చుకున్న సంగతి. మొదట్లో ఒకసారి పార్కుల వరసలో అంకె పెరిగిందని చూసి, ఆదివారం ఒకరింట్లో భోజనాల దగ్గర "ఈసారి పార్కులకి బాగా ఇచ్చారండీ" అని గట్టిగా చెప్పేశాను. హైదరాబాద్‌లో ఆర్థిక శాఖలో పనిచేసి రిటైరై, కొడుకు దగ్గరికి వచ్చిన ఒక పెద్దాయన పెరుగన్నం కలుపుకుంటూ తలెత్తకుండానే "ఏ పద్దు కింద బాబూ?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చి చూస్తే, పెరిగిందంతా ఒక్కసారికి మాత్రమే ఇచ్చిన డబ్బు. పార్కులు మామూలుగా నడవడానికి ఇచ్చేదాంట్లో పైసా పెరగలేదు.

కాబట్టి ఈ పాఠమంతా ఆయన ప్రశ్నే. ఎంత అని తర్వాత అడుగుదాం, ముందు ఎక్కడి నుంచి అని అడుగుదాం.

సెక్షన్ మళ్లీ తెరవండి. కుడివైపు రెండు నిలువు వరసలుంటాయి, ఒక్కో వరస ఒక్కో ఆర్థిక సంవత్సరానికి. మిన్నెసోటాలో బడ్జెట్ రెండేళ్లకోసారి, బేసి సంవత్సరంలో చేస్తారు, లెక్క జూలై 1న మొదలవుతుంది. మనకు ఏప్రిల్ 1 అలవాటు కాబట్టి ఇక్కడే చాలామంది తప్పులో కాలేస్తారు: 2027 అని రాసి ఉంటే అది 2026 జూలైలో మొదలై 2027 జూన్ 30న ముగిసే సంవత్సరం. మొత్తం అంకె కిందే చిన్న పట్టిక ఒకటి ఉంటుంది, ఏ ఫండ్ నుంచి ఎంత అని. మన పాఠానికి గుండెకాయ అదే.

మీ ఇంట్లో పోపుల పెట్టె గుర్తు తెచ్చుకోండి. పైనుంచి చూస్తే ఒకటే డబ్బా, మూత తీస్తే ఆవాలకి ఒక గిన్నె, జీలకర్రకి ఒకటి, మెంతులకి ఒకటి. (నోట్లు దాచడానికి అమ్మకి వేరే డబ్బా ఉండేదనుకోండి, అది వేరే పాఠం.) డీఎన్ఆర్ డబ్బు కూడా అంతే. ఆవాలు అయిపోయాయని ఆ గిన్నెలో మెంతులు పోస్తే పోపు చేదెక్కుతుంది, ఇక్కడైతే కేసు అవుతుంది.

మొదటి గిన్నె జనరల్ ఫండ్. ఆదాయపు పన్ను, అమ్మకపు పన్ను వచ్చి పడేది ఇందులోకే, బడులూ ఆరోగ్యమూ పోటీ పడేది కూడా ఈ గిన్నె కోసమే. లోటు వచ్చిన ఏడాది మొదట తగ్గేది ఇదే, దీని గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు.

రెండోది సహజ వనరుల నిధి. దీని లోపల మళ్లీ బుల్లి గిన్నెలు: పార్కుల ఖాతా, పడవల ఖాతా, స్నోమొబైళ్ల (మంచు మీద నడిపే బళ్ల) ఖాతా, అడవుల ఖాతా. పార్కు గేటు దగ్గర కారు అద్దానికి అంటించే పర్మిట్ డబ్బు పార్కుల ఖాతాకి వెళ్తుంది. 2017లో ఏడాది పర్మిట్‌ని 25 నుంచి 35 డాలర్లకి పెంచింది చట్టసభే, శాఖ తనంతట తాను పెంచుకోలేదు. పడవల ఖాతా సంగతైతే నాకు మహా సరదా. పెట్రోలు పన్ను రోడ్లకి వాడాలి కదా, మరి చెరువులో పడవ తాగిన పెట్రోలు ఏ రోడ్డెక్కింది? అందుకని ఆ పన్నులో నూటికి ఒకటిన్నర వంతు పడవలదని చట్టంలోనే లెక్కగట్టి, ఈ ఖాతాకి మళ్లిస్తారు.

మూడోది గేమ్ అండ్ ఫిష్ ఫండ్, వేట లైసెన్సులూ చేపల లైసెన్సులూ తెచ్చిపెట్టే నిధి. దీని దగ్గర కాసేపు కూర్చుందాం.

మే నెలలో గేలం పట్టుకుని చెరువుకెళ్లే ముందు మీరు కొనే లైసెన్సు ఉంది చూశారా, ఈ రాష్ట్రవాసికి అది 2018లో 22 నుంచి 25 డాలర్లయింది. ఆ డబ్బు జనరల్ ఫండ్‌లోకి పోదు, పోనివ్వరు కూడా. 1937లో ఫెడరల్ ప్రభుత్వం పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం తెచ్చింది. తుపాకులు, తూటాల మీద వసూలయ్యే ఎక్సైజ్ పన్నును వన్యప్రాణుల కోసం రాష్ట్రాలకి పంచుతారు, రాష్ట్రం నాలుగో వంతు పెట్టుకుంటే మూడు వంతులు ఫెడరల్ డబ్బు వస్తుంది. 1950లో చేపల సామగ్రికి కూడా అలాంటి చట్టమే వచ్చింది. షరతు ఒక్కటే: లైసెన్సుల మీద వచ్చిన డబ్బును రాష్ట్రం చేపలు, వన్యప్రాణుల పనికి తప్ప మరి దేనికీ వాడకూడదు. దారి మళ్లిస్తే ఫెడరల్ వాటాకే ఎసరు. అందుకే ఎంత లోటున్నా ఈ గిన్నె జోలికి వెళ్లాలంటే సభ్యులు జంకుతారు. ఇంకో చిత్రం కూడా చెప్తాను, చేపల వాటా పంచేటప్పుడు నూటికి 60 వంతులు ఏ రాష్ట్రంలో ఎంతమంది లైసెన్సు కొన్నారో చూసి పంచుతారు, అంటే మీరు లైసెన్సు కొని, చలికి భయపడి సోఫా దిగకపోయినా మీ తల లెక్కలో ఉంటుంది. ఒక్క చేప పడకపోయినా పులుసుకి మీ వంతు ఉప్పు వేసినట్టే. లాటరీ టికెట్ల మీద అమ్మకపు పన్ను బదులు వేసే 6.5 శాతంలో కొంత కూడా ఈ నిధికి వస్తుంది.

ఈ బిల్లులో కనపడని గిన్నెలు కూడా ఉన్నాయి, వాటిని ఇక్కడ వెతికి టెన్షన్ పడకండి. 2008 నవంబర్‌లో ఓటర్లు రాజ్యాంగ సవరణ చేసి అమ్మకపు పన్నును 0.375 శాతం పెంచుకున్నారు, దాన్ని లెగసీ అంటారు, 2034 దాకా ఉంటుంది. అందులో 33 శాతం అడవులకీ వన్యప్రాణుల ఆవాసాలకీ, 33 శాతం శుభ్రమైన నీటికి, 14.25 శాతం పార్కులకీ కాలిబాటలకీ, మిగతా 19.75 కళలకీ సంస్కృతికీ. దీనికి వేరే బిల్లు ఉంటుంది. ఇది పాత నిధులకి తోడుగా ఉండాలి తప్ప వాటి బదులు వాడకూడదని రాజ్యాంగంలోనే రాశారు. ఆ మాట గుర్తుంచుకుంటే మీకు ఒక ఆయుధం దొరికినట్టే: జనరల్ ఫండ్ నుంచి పార్కులకి ఇచ్చేది తగ్గి, అదే ఏడాది లెగసీ నుంచి అదే పనికి పెరిగితే, మీ ప్రతినిధికి ఉత్తరం రాయండి.

ఇక గిన్నెలో డబ్బుంటే శాఖ ఖర్చు పెట్టేసుకోవచ్చా? లేదు, గరిటె చట్టసభ చేతిలో ఉంది. చట్టం ద్వారా కేటాయిస్తే తప్ప ఖజానా నుంచి డబ్బు తీయకూడదని రాష్ట్ర రాజ్యాంగం చెప్తుంది. 2011లో గవర్నర్ మార్క్ డేటన్‌కీ చట్టసభకీ బడ్జెట్ మీద పొత్తు కుదరక జూలై 1 నుంచి 20 రోజులు ప్రభుత్వం మూతపడింది. జూలై 4 సెలవులకి గుడారాలు సర్దుకున్నవాళ్లకి రాష్ట్ర పార్కుల గేట్లు వేసి కనిపించాయి, చేపల లైసెన్సులు అమ్మడమూ ఆగిపోయింది. గేమ్ అండ్ ఫిష్ ఫండ్ ఎక్కడికీ పోలేదు, తీసి వాడే అధికారమే లేకపోయింది. విచిత్రం ఏంటంటే, యాపిల్ వ్యాలీలోని మిన్నెసోటా జూ మాత్రం కొద్ది రోజుల్లోనే కోర్టు అనుమతితో తెరుచుకుంది. టికెట్ల డబ్బు వాడుకునే అధికారం దానికి పాత చట్టంలోనే శాశ్వతంగా రాసిపెట్టి ఉంది మరి. కేటాయింపుల్లో ఈ రెండు రకాలున్నాయని మర్చిపోకండి: ప్రతి రెండేళ్లకీ కొత్తగా ఇవ్వాల్సినవి, ఒకసారి రాస్తే నడిచిపోయేవి.

ఇప్పుడు అసలు చదువు. పట్టిక కింద (ఏ), (బీ) అని పేరాలుంటాయి. వాటి ధోరణి ఇలా ఉంటుంది, అంకెలు మాత్రం సాధన కోసం నేను ఊహించినవి: "మొదటి సంవత్సరం 4,00,000 డాలర్లు, రెండో సంవత్సరం 1,00,000 డాలర్లు, సహజ వనరుల నిధిలోని పార్కుల ఖాతా నుంచి, కాలిబాటల మరమ్మతుకి. ఇది ఒక్కసారి కేటాయింపు, 2029 జూన్ 30 దాకా అందుబాటులో ఉంటుంది."

పెన్ను తీసుకుని ఖాతా పేరు కింద గీత గీయండి. అది మీరు కట్టిన పర్మిట్ డబ్బు, జనరల్ ఫండ్ కాదు, కాబట్టి ఎవరైనా "మా ప్రభుత్వం ఇచ్చింది" అంటే ఎవరి జేబులోంచి అని అడగొచ్చు. తర్వాత "ఒక్కసారి" అన్న మాట చుట్టూ సున్నా చుట్టండి. ఆ మాట ఉంటే వచ్చే బడ్జెట్ మొదలుపెట్టేటప్పుడు ఈ అంకె లెక్కలోకి రాదు, నేను ఆదివారం భోజనాల దగ్గర బోర్లా పడింది సరిగ్గా ఈ మాట మీదే. చివరి తేదీ కూడా చూడండి. తేదీ ఏమీ ఇవ్వకపోతే మిగిలిన డబ్బు మామూలుగా గడువు తీరాక మురిగిపోయి నిధికి తిరిగి వెళ్తుంది. అడవుల విభాగంలో ఇంకో రకం పేరా దొరుకుతుంది, కార్చిచ్చు ఆర్పడానికి ఎంత అవసరమైతే అంత కేటాయించామని. మంట ముందు అంకె పెట్టి లాభం లేదు కదా.

మన రాష్ట్రాల బడ్జెట్ పుస్తకాలు చదివే అలవాటున్నవాళ్లకి ఇదంతా మరీ కొత్త కాదు. అటవీ శాఖ పద్దు మీద సభలో ఓటింగ్ ఒకటి, 2016 చట్టం కింద అడవి పోయినందుకు వసూలు చేసి, 90 శాతం రాష్ట్రానికి ఇచ్చే కాంపా నిధి మరొకటి. పద్దు ఒక్కటే చూసి అటవీ శాఖకి ఎంత వచ్చిందో చెప్తే అక్కడా తప్పే.

హోంవర్క్. చేపలు, వన్యప్రాణుల విభాగం తెరిచి, జనరల్ ఫండ్ నుంచి ఎంత, గేమ్ అండ్ ఫిష్ నుంచి ఎంత అని రెండు అంకెలు రాయండి. తర్వాత పార్కుల విభాగానికీ అదే చేసి, ఒక్కసారి కేటాయింపులన్నీ తీసేసి మళ్లీ కూడండి. సరి సంవత్సరాల్లో ఎక్కువగా వచ్చే బాండ్ల బిల్లు (అప్పు తెచ్చి కట్టడాలకి ఇచ్చేది) నాలుగో పాఠంలో. దానికి మామూలు మెజారిటీ చాలదు, ఐదింట మూడు వంతులు కావాలి, కాబట్టి ప్రతినిధుల సభలో 134 మందికి, సెనేట్‌లో 67 మందికి ఎన్నెన్ని ఓట్లవుతాయో ఇప్పుడే లెక్కేసి పెట్టుకోండి.