పాత స్టేషన్‌ని ఫొటో తీయడం – 4వ పాఠం: వెనక్కి పడిపోతున్న గోడలు

ఈసారి ప్లాట్‌ఫారం వైపు వెళ్దామనుకున్నాం. మూడో పాఠం అభ్యాసాలు చూశాక ఆ మాట వాయిదా వేయక తప్పలేదు. నిడదవోలు, సామర్లకోట, నర్సాపురం, ఏ ఊరి స్టేషన్ తీసినా భవనం వెనక్కి వాలిపోయి ఉంది. ఎక్స్‌పోజర్, ఫోకస్ సంగతి మళ్లీ ఎత్తను, అవి మీకు వచ్చేశాయి.

గోడలు వాలడానికి కారణం లెన్స్ కాదు, మీ మణికట్టు. పిట్టగోడ ఫ్రేములోకి రాలేదని ఫోన్‌ని పైకి చూసేలా ఎత్తుతారు. ఎత్తగానే సెన్సర్, అంటే లోపల బొమ్మ పట్టే పలక, గోడకి సమాంతరంగా ఉండదు, నిలువు గీతలన్నీ పైన దగ్గరకు వచ్చేస్తాయి. ఎక్కువ వెడల్పు పట్టే 0.5 లెన్స్‌తో దగ్గర నుంచి తీస్తే ఇంకా ఘోరం. ఫోన్ నిటారుగా ఉంటే 0.5తో తీసినా గోడలు నిటారుగానే వస్తాయి.

కాబట్టి ఫోన్ ఎత్తకండి, వెనక్కి నడవండి. ఎంత దూరం? భవనం ఎత్తులోంచి మీ కంటి ఎత్తు తీసేయండి. ఫోన్ అడ్డంగా పట్టుకుంటే, మామూలు 1ఎక్స్ లెన్స్‌కి, వచ్చినదాన్ని 1.85తో గుణించండి. నిలువుగా పట్టుకుంటే 1.4తో. భవనం 8 మీటర్లు, కన్ను 1.6 అనుకోండి: అడ్డంగా సుమారు 12 మీటర్లు, నిలువుగా 9. 2ఎక్స్‌తో అడ్డంగా అయితే 24. ఇది ఎత్తు లెక్క మాత్రమే. 12 మీటర్ల నుంచి వెడల్పులో పట్టేది 17 మీటర్లే, స్టేషన్ అంతకన్నా పొడుగైతే ఇంకా వెనక్కి వెళ్లాలి.

ఇలా తీస్తే ఫ్రేములో కింద మూడో వంతుకి పైగా రోడ్డు, ఆటోలు, టూవీలర్లే ఉంటాయి. ఉండనీయండి, తర్వాత కోసేయొచ్చు. నన్నడిగితే ఎదురుగా టిఫిన్ హోటల్ మేడ ఉంటే అడిగి ఎక్కడమే మేలు. కెమెరా భవనం ఎత్తులో సగానికి, అంటే 4 మీటర్లకి చేరితే, ఏడున్నర మీటర్ల దూరం నుంచే పైనుంచి కింద దాకా పట్టేస్తుంది, నేల వృథా కాదు.

‘యాప్‌లో సరిచేస్తాం’ అనేవాళ్లకి రెండు మాటలు. ఫొటోలు దిద్దే స్నాప్‌సీడ్ యాప్‌లో, వాలు సరిచేసే పర్‌స్పెక్టివ్ లాగితే పైభాగం సాగుతుంది. పిట్టగోడ, పైన చెక్కిన అక్షరాలు, అంటే మీరు వెళ్లిందే వేటికోసమో అవే మెత్తబడతాయి. మూలలు కూడా కోతకు పోతాయి. కొద్ది వాలైతే ఫరవాలేదు, కానీ నాలుగు వైపులా 15 శాతం ఖాళీ వదిలి తీయండి. ఖాళీ మూలల్ని యాప్ తనంతట తాను నింపే సదుపాయం ఆపేయండి. లేని చెట్టునీ లేని గోడనీ కల్పించేస్తుంది. పాత భవనం ఫొటో రేపు ఆధారంగా పనికి రావాలి కదా.

నిటారు అవునో కాదో చూడటానికి వాన నీటి గొట్టం, తలుపు చట్రం చాలు. కరెంటు స్తంభాన్ని నమ్మకండి, డెల్టా రేగడి నేలలో అవి వాలడం మామూలే. పైకి సన్నబడే పోర్టికో స్తంభాలూ వద్దు.

వెలుగు గురించి ఒక్క ముక్క. ముఖం ఉత్తరానికి ఉన్న స్టేషన్ అయితే డిసెంబరులో ఎండ దాని మీద నేరుగా పడనే పడదు, మే, జూన్ ఉదయాలు చూసుకోండి. ఉక్కపోత రోజుల్లో ఏసీ కారులోంచి కెమెరా తీస్తే లెన్స్‌కి ఆవిరి పడుతుంది, పది నిమిషాలు ముందుగానే అద్దాలు దించండి.

అభ్యాసం. ఒకే ముఖద్వారాన్ని మూడుసార్లు తీయండి: ఫోన్ ఎత్తి దగ్గర నుంచి, లెక్కించిన దూరం నుంచి, మేడ మీద నుంచి. ప్రతి ఫొటోలో భవనం వెడల్పు పునాది దగ్గర, పిట్టగోడ దగ్గర స్కేలుతో కొలవండి. చివరి రెండింటిలో తేడా 1 శాతం లోపు ఉంటేనే పాస్. ఉంటే వచ్చే పాఠానికి ప్లాట్‌ఫారం టికెట్ తీసుకుని రండి. అది రెండు గంటలే పనిచేస్తుంది. పైన 25,000 వోల్టుల తీగలు ఉంటాయి, సెల్ఫీ స్టిక్ ఇంట్లోనే వదిలేయండి.