పైలట్ చదువు: డబ్బు ఏ వరుసలో ఖర్చు పెట్టాలి

మీ అబ్బాయో అమ్మాయో పైలట్ అవుతానని పట్టుబడితే, ఫ్లయింగ్ స్కూలు బ్రోషర్‌ను ముందు బీరువాలో పెట్టి తాళం వేయండి. నేను బ్యాంకు రుణాల విభాగంలో పనిచేసి రిటైరైనవాణ్ని, మల్కాజిగిరిలో ఉంటాను. మా అమ్మాయి ఇప్పుడు ఎయిర్‌బస్ ఎ320 మీద ఫస్ట్ ఆఫీసర్, అంటే కో-పైలట్. దాని చదువుకు కట్టిన ప్రతి రసీదూ నా ఫైల్లో ఉంది కాబట్టి, తెలిసిన తల్లిదండ్రులు నన్నే అడుగుతుంటారు. అందరికీ చెప్పేది ఒకటే. ఈ దారిలో మనల్ని వెనక్కి పంపే గుమ్మాలు చాలా ఉన్నాయి. వేలల్లో తేలిపోయేవి ముందు దాటండి, లక్షలు అడిగేవి తర్వాత చూసుకోవచ్చు.

ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉండాలి. ఎంపీసీ వాళ్లకు బెంగ లేదు. బైపీసీ, కామర్స్ చదివినవాళ్లు ఎన్‌ఐఓఎస్ అనే జాతీయ ఓపెన్ స్కూలు ద్వారా ఆ రెండు సబ్జెక్టులు విడిగా రాసుకోవచ్చు. స్టూడెంట్ పైలట్ లైసెన్సుకు 16 ఏళ్లు నిండాలి, కమర్షియల్ పైలట్ లైసెన్సుకు, అంటే సీపీఎల్‌కు, 18. డిగ్రీ అక్కర్లేదని నిబంధన చెబుతుంది. కానీ లైసెన్సు వచ్చాక ఉద్యోగం కోసం ఎదురుచూసే రోజుల్లో ఇంకో దారి చేతిలో ఉండటం మంచిదని నేనంటాను.

అసలు గుమ్మం వైద్య పరీక్ష. డీజీసీఏ, అంటే దేశంలో పౌర విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ, గుర్తించిన డాక్టరు దగ్గర ముందు క్లాస్ 2 పరీక్ష, అది అయ్యాక సీపీఎల్‌కు కావాల్సిన క్లాస్ 1. మొదటిసారి క్లాస్ 1 కోసం మన వైపు వాళ్లు చాలామంది బెంగళూరులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్‌కు వెళ్తుంటారు. కళ్లద్దాలు ఉన్నంత మాత్రాన భయపడనక్కర్లేదు, అద్దాలతో చూపు సరిగా వస్తే చాలు. రంగులు గుర్తుపట్టలేకపోవడం మాత్రం పెద్ద చిక్కు. చుక్కల మధ్య అంకె కనిపించే ఆ పలకలను పిల్లవాడు అంతకుముందు ఎప్పుడూ చూసి ఉండడు, ఇంట్లో ఎవరికీ అనుమానమూ వచ్చి ఉండదు. దగ్గర్లోని కంటి డాక్టరు దగ్గర ఆ ఒక్క పరీక్ష ముందే చేయించండి. స్కూలుకు అడ్వాన్సు కట్టేశాక ఈ సంగతి తెలిస్తే ఆ డబ్బు వెనక్కి రప్పించుకోవడం ఎంత కష్టమో, రుణాల బల్లకు అవతల కూర్చున్నవాళ్ల ముఖాల్లో చూశాను.

వైద్య పరీక్ష తేదీల కోసం ఆగుతున్నప్పుడే డీజీసీఏ కంప్యూటర్ నంబరుకు, అంటే అభ్యర్థికి వాళ్లిచ్చే గుర్తింపు సంఖ్యకు, దరఖాస్తు పెట్టండి. అది లేనిదే లైసెన్సు కోసం డీజీసీఏ పెట్టే రాత పరీక్షలు రాయనివ్వరు. దీనికి పది, ఇంటర్ మార్కుల పత్రాలతో పాటు, అవి అసలైనవేనని బోర్డు ఇచ్చే ధ్రువీకరణ కూడా కావాలి. ఇంటర్ బోర్డు నాంపల్లిలోనే ఉంది కాబట్టి హైదరాబాద్ వాళ్లకు ఇది కొంత సులువు. పేరులో ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉంటే ఇప్పుడే సరిచేయించండి. ఆధార్, పాస్‌పోర్టు, మార్కుల పత్రం మూడింటిలోనూ అక్షరం అక్షరం కలవాలి. మన తెలుగువాళ్ల ఇంటిపేర్లు ఇక్కడ పెట్టే తిప్పలు ఇన్నీ అన్నీ కావు.

ఆ పరీక్షల్లో పేపర్లు ఎయిర్ నావిగేషన్ (దారి లెక్కలు), మెటియరాలజీ (వాతావరణం), ఎయిర్ రెగ్యులేషన్స్ (నిబంధనలు), టెక్నికల్. ఒక్కోదానికి నూటికి 70 రావాలి. రేడియో లైసెన్సు ఆర్‌టీఆర్ వేరే. అది గతంలో టెలికాం శాఖ చేతిలో ఉండేది, 2024 నాటి కొత్త విమానయాన చట్టంతో డీజీసీఏ కిందికి వచ్చింది. వీలైనన్ని పేపర్లు ఎగరడం మొదలుపెట్టకముందే పూర్తి చేయాలన్నది నా గట్టి అభిప్రాయం. ఫలితాలకు గడువు ఉంటుంది కాబట్టి, పాసయ్యాక మరీ తాత్సారం చేయకూడదు.

చదువు వంటబట్టిందో లేదో తెలుసుకోవడానికి మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. రోజూ పొద్దున శంషాబాద్ విమానాశ్రయం వాతావరణ నివేదిక, మెటార్ అంటారు, అమ్మాయి నాకు చదివి విప్పి చెప్పాలి. అందులో 27012 అని ఉంటే గాలి 270 డిగ్రీల దిక్కు నుంచి, అంటే పడమటి నుంచి, 12 నాట్ల వేగంతో వస్తోందని. 31/22 అంటే ఉష్ణోగ్రత, దాని పక్కన మంచుబిందు ఉష్ణోగ్రత, అంటే గాలిలోని తేమ నీటి బిందువులుగా మారే ఉష్ణోగ్రత. ఆ రెండూ దగ్గరపడితే పొగమంచుకు, కిందికి దిగే మబ్బుకు అవకాశం ఎక్కువ. బేగంపేట రన్‌వేకు ఒక కొస పేరు 09, ఇంకో కొస 27, దిక్కు డిగ్రీల్లో చివరి సున్నా తీసేస్తే వచ్చే అంకెలవి. విమానం గాలికి ఎదురుగా దిగాలి కాబట్టి వర్షాకాలంలో పడమటి గాలి వీస్తుంటే 27 వాడతారు, విమానం సికింద్రాబాద్ వైపు నుంచి వచ్చి దిగుతుంది. ఇంత చిన్న విషయం తండ్రికి అర్థమయ్యేలా చెప్పగలిగిన పిల్లలు పరీక్షకు భయపడరు.

ఇక స్కూలు. బేగంపేటలో తెలంగాణ స్టేట్ ఏవియేషన్ అకాడమీ ఉంది, నాదర్‌గుల్‌లో చిన్న ఎయిర్‌స్ట్రిప్ ఉంది. ఊరు దాటితే మహారాష్ట్రలో గోండియా, ఉత్తరప్రదేశ్‌లో ఫుర్సత్‌గంజ్. ఇల్లు దగ్గరని మాత్రం ఎంచుకోకండి. బేగంపేట చుట్టూ హకీంపేట, దుండిగల్ వైమానిక స్థావరాల గగనతలం ఉంది, అందులో ఇష్టం వచ్చినట్టు ఎగరనివ్వరు. ఎత్తు సముద్రమట్టానికి సుమారు 530 మీటర్లు కావడంతో మే నెల మధ్యాహ్నపు ఎండకు గాలి పలచబడి చిన్న విమానం ఈసురోమంటూ లేస్తుంది. వానాకాలంలో మబ్బులు కిందికి దిగితే రోజుల తరబడి ఎగరడం ఉండదు. ఇవి ఎక్కడైనా ఏదో ఒక రూపంలో ఉండేవే. స్కూలు వాటిని ఎలా నెట్టుకొస్తుందో అడగాలి.

అడగాల్సినవి ఇంకా ఉన్నాయి. హ్యాంగర్‌లో ఎన్ని విమానాలున్నాయని కాదు, వాటిలో ఈరోజు ఎగరగలిగేవి ఎన్ని? గత నెలలో మొత్తం ఎన్ని గంటలు ఎగిరాయి, ఆ గంటలు ఎంతమంది విద్యార్థులకు పంచారు? ఇంధనం ధర పెరిగితే ఎవరు భరిస్తారు? మధ్యలో మానేస్తే ఎంత తిరిగిస్తారు? ఒక తెల్లవారుజామున వెళ్లి గేటు బయట నిలబడి చూడండి, బ్రోషర్ చెప్పనిది తెలుస్తుంది. 2025 నుంచి డీజీసీఏ ఫ్లయింగ్ స్కూళ్లకు గ్రేడ్లు ఇస్తోంది, అదీ చూడండి. మొత్తం ఫీజు ఒకేసారి కడితే రాయితీ ఇస్తామంటే నవ్వి ఊరుకోండి. ఎగిరిన గంటలకు సరిపడా వాయిదాల్లో కట్టడమే క్షేమం. 

లైసెన్సుకు 200 గంటలు ఎగరాలి. అందులో 100 గంటలు తానే పైలట్-ఇన్-కమాండ్‌గా, అంటే విమానానికి బాధ్యత వహించే పైలట్‌గా, ఉండాలి, 300 నాటికల్ మైళ్ల ప్రయాణం ఒకటి, రాత్రి ఎగరడం కూడా ఉంటాయి. ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బయట కనిపించకపోయినా పరికరాలు చూసి ఎగిరే అర్హత), రెండు ఇంజన్ల విమానం మీద రేటింగ్ లేకుండా ఎయిర్‌లైన్ తలుపు తట్టి లాభం లేదు, వాటినీ ఈ ఖర్చులోనే లెక్కవేయండి. అన్నీ కలిపి యాభై లక్షలు అటూఇటూ అనుకోండి. విద్యారుణం ఏడున్నర లక్షలు దాటితే బ్యాంకు సాధారణంగా తనఖా అడుగుతుంది. ఉన్న ఒక్క ఇల్లూ తాకట్టు పెట్టే ముందు, ఉద్యోగం రెండేళ్లు ఆలస్యమైతే వాయిదా ఎవరు కడతారో కాగితం మీద రాసుకోండి. రాయలేకపోతే సంతకం పెట్టకండి, పాత బ్యాంకువాడిగా చెబుతున్నాను. అమెరికాలో, దక్షిణాఫ్రికాలో త్వరగా అయిపోతుందంటారు. నిజమే కావచ్చు, కానీ తిరిగొచ్చాక ఇక్కడి పరీక్షలు రాసి లైసెన్సు మార్చుకోవడానికయ్యే సమయం, డబ్బు ఏజెంట్లు లెక్కలో చెప్పరు. ఎయిర్‌లైన్లు తామే అభ్యర్థులను ఎంచుకుని శిక్షణ ఇప్పించే క్యాడెట్ పథకాల్లో ఉద్యోగం మీద కొంత భరోసా ఉంటుంది, ఖర్చూ అంతకు తగ్గట్టే ఉంటుంది.

చివరిది టైప్ రేటింగ్, అంటే ఎ320 లాంటి ఒక నిర్దిష్ట విమానం నడిపే శిక్షణ. దీనికి మళ్లీ పది లక్షల పైమాటే. సీపీఎల్ చేతికి రాగానే తొందరపడి ఇది చేయించేవాళ్లున్నారు. ఏ ఎయిర్‌లైన్ ఏ విమానానికి మనుషుల్ని తీసుకుంటోందో తెలియకుండా చేయించకండి. వాళ్లు ఎంపిక చేసుకున్నాక, ఎక్కడ చేయాలో, ఎవరు కట్టాలో ఉత్తరంలో రాసి ఇచ్చాక చెక్కు రాయండి.