ధర అడిగితే ధరే చెప్పండి: చేనేత చీరల పేజీలో కస్టమర్లతో మాట కలిపే పద్ధతి

చేనేత చీరలు అమ్మే ఇన్‌స్టాగ్రామ్ పేజీల కింద ఎక్కువగా కనిపించే కామెంట్ "ధర ఎంతండీ?" దుకాణాల జవాబు కూడా చాలాచోట్ల ఒకటే: "డీఎం చేయండి," అంటే విడిగా మెసేజ్ పెట్టి అడగండి అని. గడప దాకా వచ్చి అడిగినవారిని పక్క వీధికి రమ్మన్నట్టుంటుంది ఇది. చాలామంది రారు. అదే ప్రశ్న మనసులో పెట్టుకుని చూస్తున్న మరికొందరు అసలు నోరే విప్పరు.

ధర పోస్టులోనే రాయండి. అడిగినవారికి కామెంట్ కిందే జవాబివ్వండి. జవాబులో మూడు ఉండాలి: ధర, చీర గురించి పనికొచ్చే ఒక ముక్క, తిరిగి ఒక ప్రశ్న. మంగళగిరి కాటన్ చీర కింద సంభాషణ ఇలా నడవచ్చు:

"ధరెంతండీ? రోజూ ఆఫీసుకి కట్టుకోవచ్చా?"

"1,950 అండీ, జాకెట్టు ముక్క చీరలోనే ఉంది. మొదటి రెండుసార్లు చన్నీళ్లలో విడిగా ఉతకండి. రోజువారీకైతే చిన్నంచు తేలిగ్గా ఉంటుంది. చిన్నంచులో ఉన్న రంగులు చూపించమంటారా?"

ఆ చివరి ప్రశ్నతోనే రెండో కామెంట్ వస్తుంది. పోటీవాళ్లు చూస్తారని కొందరు ధర దాస్తారు. వాళ్లకు మీ ధర ఎలాగూ తెలుసు, తెలియనిది కస్టమర్‌కే. నూలు, జరీ ధరలు మారతాయన్న భయముంటే "ఈ ధర ఈ నెలాఖరు దాకా" అని రాస్తే చాలు.

పోస్టు పెట్టాక మొదటి గంట ఫోన్ దగ్గర ఉండండి. ఉండలేని వేళ పోస్టు పెట్టకండి. కొరియర్, ఉతుకు, వాపసు లాంటి రోజూ వచ్చే ప్రశ్నలకు వాట్సాప్ బిజినెస్‌లో క్విక్ రిప్లైలు రాసి పెట్టుకోండి, 50 దాకా పెట్టుకోవచ్చు. ఇన్‌స్టాగ్రామ్ మెసేజీల్లోనూ సేవ్డ్ రిప్లైల సదుపాయం ఉంది. అయితే ముందు పేరు పెట్టి పలకరించి, ఆ తర్వాతే దాచిన వాక్యం అతికించండి. పది మందికీ అక్షరం మారని జవాబు వెళ్తే మనిషి లేడని ఇట్టే తెలిసిపోతుంది.

ఇంకో జాగ్రత్త. మీ పేజీ పేరును పోలిన దొంగ ఖాతాలు మీ కామెంట్ల కిందే దూరి "ఈ నంబరుకు డబ్బు పంపండి" అంటాయి. డబ్బు తీసుకునే అసలు నంబరు ఇదొక్కటే అని ఒక కామెంట్ రాసి పైన పిన్ చేయండి. పోస్టుకు మూడు కామెంట్ల దాకా పిన్ చేయొచ్చు.

ఇక వీడియో. పోచంపల్లి చీరకు 25 నుంచి 30 సెకన్ల నిలువు రీల్ సరిపోతుంది, కొలత 1080×1920. మొదట దుకాణం లోగో వద్దు. రంగులో ముంచి తీసిన నూలుకు కట్టిన చిటికి ముడి విప్పే వేళ్లను దగ్గరగా చూపించండి. కట్టు ఊడినచోట రంగు అంటని తెల్లటి నూలు బయటపడే ఆ క్షణం దగ్గరే చూసేవారి వేలు ఆగుతుంది. తర్వాత మగ్గం మీద డిజైను కలిసేలా పేకను, అంటే అడ్డపోగును, చేత్తో జరిపే దృశ్యం ఆరేడు సెకన్లు. ఆపై కొంగు, చివర్లో కట్టుకున్న మనిషి మీద చీర. చాలామంది శబ్దం లేకుండానే చూస్తారు కనుక ధర, నేతకు పట్టిన రోజులు తెర మీద తెలుగులో రాయండి. నేసినవారి అనుమతి తీసుకుని వారి పేరు కూడా వేయండి. ఆ పేరు కింద వచ్చే కామెంట్లలో ఉండే ఆప్యాయత మరే పోస్టుకూ రాదు.

ట్యూబులైటు కింద తీస్తే మెంతిరంగు ఒకలా, చిలకపచ్చ ఇంకోలా కనిపిస్తాయి. ఉదయం పూట, ఎండ నేరుగా పడని వరండాలో, ఫిల్టర్ లేకుండా తీయండి. తెర మీద వేలు నొక్కిపెట్టి ఫోకస్, వెలుతురు లాక్ చేయకపోతే చీర కదిలినప్పుడల్లా రంగు మారుతుంది. పడుగు (నిలువుపోగు) ఒక రంగు, పేక ఒక రంగు ఉన్న డబుల్ షేడ్ చీరను ఫొటోతో సరిపెట్టకండి. వెలుగులో అటూ ఇటూ తిప్పి చూపాలి. ఫొటోలో ఒకలా, పార్శిల్లో మరోలా వస్తే ఆ కోపం నేరుగా కామెంట్లలోకి దిగుతుంది.

సినిమా పాటలు పెట్టకండి. వ్యాపారానికి హక్కుల్లేని పాట అయితే వీడియో మూగబోవచ్చు. మగ్గం చప్పుడే హాయిగా ఉంటుంది.

వరలక్ష్మీ వ్రతం చీరలు వ్రతానికి నాలుగు వారాల ముందే చూపించడం మొదలుపెట్టండి. వారం ముందు చూపిస్తే చీర నచ్చినా కొనరు, ఎందుకంటే అప్పటికి టైలర్లు కొత్త జాకెట్లు పట్టుకోరు. అమెరికాలో ఉన్న మనవాళ్ల కోసమైతే పార్శిల్ చేరే రోజులూ కలుపుకోండి. మన ఉదయం 7 గంటలకు న్యూయార్క్‌లో వేసవిలో ముందురోజు రాత్రి 9:30, చలికాలంలో 8:30. పిల్లలు పడుకున్నాక ఫోన్ చూసే వేళ అదే.

ఒకే సందేశాన్ని చాలామందికి విడివిడిగా పంపే వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మందిని చేర్చవచ్చు, కానీ మీ నంబరు సేవ్ చేసుకున్నవారికే సందేశం అందుతుంది. చాలామందికి అందకపోవడానికి కారణం ఇదే. పార్శిల్‌లో పెట్టే చీటీ మీద నంబరు, "సేవ్ చేసుకుంటే కొత్త చీరలు ముందు మీకే" అన్న మాట రాయండి. వారానికి ఒకటి రెండు సందేశాలు మించితే బ్లాక్ చేస్తారు.

"ముగ్గురిని ట్యాగ్ చేయండి, చీర గెలవండి" పోటీలు మాకు నచ్చవు. అంకెలు పెరుగుతాయి, కానీ వచ్చేవారు ఉచితం కోసం వస్తారు. ఆ తర్వాతి పోస్టుకు స్పందన లేక పేజీ ఇంకా చప్పబడుతుంది.

చూసినవారిలో ఎందరు స్పందించారన్న లెక్క వారానికోసారి చాలు. లైకులు, కామెంట్లు, సేవ్‌లు, షేర్లు కలిపి, పోస్టు ఎంతమందికి చేరిందో ఆ సంఖ్యతో భాగించి, వందతో గుణించండి. 4,000 మందికి చేరిన రీల్‌కు అన్నీ కలిపి 200 వస్తే 5 శాతం. మీ పాత పోస్టులతోనే పోల్చుకోండి. పోస్టు ఎక్కువమందికి చేరాలంటే చూసే సమయం, లైకులు, ఇతరులకు పంపడం ముఖ్యమని ఇన్‌స్టాగ్రామ్ అధిపతి ఆడమ్ మొస్సేరి 2025 జనవరిలో చెప్పారు. చీరల విషయంలో పంపడాన్నే ఎక్కువగా గమనించండి. "వదినా, ఇది చూడు" అని ఒకరు పంపితే ఇద్దరు కలిసి కొనే అవకాశముంది.

"రంగు పోయింది" అని ఎవరైనా రాస్తే తొలగించకండి. తొలగిస్తే మరుసటి పోస్టు కింద రెట్టింపు కోపంతో రాస్తారు. "క్షమించండి అమ్మా, ఆర్డర్ నంబరు, చీర ఫొటో మెసేజ్‌లో పంపండి, రేపు సాయంత్రంలోగా చెబుతాం" అని అక్కడే రాయండి. చిరునామా, ఫోన్ నంబరు మాత్రం కామెంట్లో అడగకండి. చీర మార్చినా డబ్బు తిరిగిచ్చినా, ఆ రోజే అదే కామెంట్ కింద ఆ సంగతి రాయండి.