తొలకరి నాటకు ముందు వేరు శిలీంద్రం విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలు

క్షీణించిన అటవీ భూముల్లో తొలకరికి మొక్కలు నాటించేవారు గుంతల లెక్క చూసుకుంటారు గాని, ఆ నేలలో మైకోరైజా శిలీంద్రం మిగిలి ఉందా అని చూడడం అరుదు. వేరు అందుకోలేని చోటి నుంచి భాస్వరాన్ని, నీటిని చెట్టుకు చేర్చి, ప్రతిగా చెట్టు చేసుకున్న చక్కెరతో బతికే ఈ శిలీంద్రం ఎక్కువగా పైమట్టిలోనే ఉంటుంది కనుక, ఎండలు ముదిరి కార్చిచ్చు పదే పదే వచ్చే చోట్ల ముందుగా దెబ్బతినేది అదే.

అన్ని చెట్లకూ ఒకే శిలీంద్రం పనికిరాదు. టేకు, వేప, చింత వేరు కణాల్లోకి చొచ్చుకుపోయే ఆర్బస్క్యులర్ రకంతోనూ, గుగ్గిలం (సాల్) చెట్టు వేరు కొసలను తొడుగులా కప్పే ఎక్టో రకంతోనూ జతకడతాయి. జామాయిల్, సరుగుడు రెంటితోనూ కలుస్తాయి. కరీబియన్ దీవి ప్యూర్టోరికోలో తగిన శిలీంద్రం లేక ఎదగని పైన్ నారు, పైన్ తోటల మట్టి కలిపాకే నిలదొక్కుకుంది. కర్బన ఉద్గారాలు ఇలాగే సాగితే 2070 నాటికి ఎక్టో రకం చెట్లు 10 శాతం దాకా తగ్గవచ్చని 2019లో నేచర్ పత్రికలో వెలువడిన ప్రపంచ అధ్యయనం అంచనా వేసింది. కాబట్టి గుగ్గిలం వంటివి నాటేచోట మరింత జాగ్రత్త అవసరం.

నర్సరీ సంచుల్లో నింపే మట్టిలో, అదే జాతికి చెందిన ఆరోగ్యమైన చెట్టు కింది వేరు మట్టిని, అటవీ శాఖ అనుమతితో, పదో వంతు కలపాలి. వేరుకుళ్లు కనిపించిన చోటి మట్టిని ముట్టుకోకూడదు. తెచ్చిన మట్టిని ఎండలో ఆరబోయకూడదు. మొక్క త్వరగా ఎదగాలని డీఏపీ ఎక్కువగా వేస్తే, భాస్వరం తేరగా దొరికిన వేరు శిలీంద్రాన్ని దగ్గరికి రానివ్వదు. శిలీంద్రాలను చంపే కార్బెండజిమ్ మందు ద్రావణాన్ని అలవాటుగా సంచుల్లో పోయడమూ మానాలి.

నాటే చోట ట్రాక్టరుతో మొత్తం దున్నించడం, పొదలన్నీ నరికి తగలబెట్టించడం నాకు బొత్తిగా నచ్చని పద్ధతి. నేల చూడడానికి శుభ్రంగా ఉంటుంది గాని, బతికిన వేరు లేక శిలీంద్రం పస్తులుంటుంది. గుంతల వరకే తవ్వి, పైమట్టిని విడిగా పోసి, నాటేటప్పుడు దాన్నే వేళ్ల చుట్టూ వేయాలి. ఒక్క జల్లుకే తొందరపడక, నేల లోతుగా తడిశాక నాటాలి.

నాటకు ముందు ఒకటి రెండు సంచులు చీల్చి చూడడం మంచిది. జామాయిల్ సన్న వేళ్ల కొసలు పొట్టిగా ఉబ్బి, తెల్లటి నూగు పట్టి ఉంటే ఎక్టో రకం కుదురుకున్నట్టే. టేకు వేరులో ఏదీ కంటికి కనబడదు; దానికి రంగు పట్టించి సూక్ష్మదర్శినిలో చూసే ప్రయోగశాలకే పంపాలి.