బండి ఆయిల్ తాగుతోందా? ఇంజిన్ విప్పించే ముందు కొలిచి చూడండి

పికప్ బండి ఆయిల్ తాగుతోందని అనుమానం రాగానే చాలామంది యజమానులు మెకానిక్ దగ్గరికి పోతారు. ‘రింగులు పోయినాయి, హాఫ్ ఇంజిన్ చేయాల’ (అంటే పిస్టన్ చుట్టూ ఉండే రింగులు అరిగాయి, ఇంజిన్ విప్పి మార్చాలి) అనే మాట విని అప్పు కోసం తిరగడం మొదలుపెడతారు. అనంతపురం చీనీకాయల మార్కెట్‌కు, తాడిపత్రి బండల ఫ్యాక్టరీలకు తిరిగే బండ్ల విషయంలో ఆ మాట కొన్నిసార్లు నిజమే కావచ్చు. అయినా ఎంత ఆయిల్, ఎన్ని కిలోమీటర్లకు, ఏ దారిన పోతోందో తేలకముందే ఇంజిన్ విప్పించడం సరికాదు. ఆ లెక్కకు ఒక నోటు పుస్తకం, మిల్లీలీటర్ల గీతలున్న ఒక కొలజాడీ, నెల రోజుల ఓపిక ఉంటే చాలు.

కొలత ఎప్పుడూ తెల్లవారి, బండి స్టార్ట్ చేయకముందు, ఒకే చోట, చదునైన నేల మీద తీసుకోవాలి. లోడు ఉంటే వెనుక స్ప్రింగు కట్టలు కుంగి ఇంజిన్ వాలు మారుతుంది కాబట్టి ఖాళీ బండినే కొలవాలి. ఆయిల్ మట్టం చూపే గీతల పుల్ల, అంటే డిప్‌స్టిక్ తీసి శుభ్రమైన గుడ్డతో తుడిచి, మళ్లీ పూర్తిగా దింపి చూడాలి. పై గీత వరకు ఆయిల్ నింపి, ఆ రోజు మీటరు రీడింగ్ రాసుకోండి. 1,500 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ పై గీతకు తేవడానికి 450 మిల్లీలీటర్లు పట్టిందనుకుంటే, 1,000 కిలోమీటర్లకు 300 మిల్లీలీటర్ల ఖర్చు అన్నమాట. ఒక్క కొలతతో తీర్పు చెప్పకుండా ఇలా మూడుసార్లు చేయాలి. కొన్ని కంపెనీల పుస్తకాలు 1,000 కిలోమీటర్లకు ఒక లీటరు వరకు లోపం కాదని చెబుతాయి. మీ బండి పుస్తకంలో ఏముందో చూసుకోండి. నా మటుకు నేను అర లీటరు దాటితే కారణం వెతుకుతాను, అంతకు తక్కువే అయినా నెలనెలా పెరుగుతుంటే అప్పుడూ వెతుకుతాను.

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 (పొగ కాలుష్యంపై కొత్త ప్రమాణం) డీజిల్ బండ్లలో ఇంకో చిక్కు ఉంది. సైలెన్సర్ దారిలోని ఫిల్టర్‌లో పేరుకున్న మసిని కాల్చడానికి చాలా ఇంజిన్లు అదనంగా డీజిల్ చిమ్ముతాయి. ఊళ్లోనే కొద్దికొద్ది దూరాలు తిరిగి, ఆ కాల్పు మధ్యలోనే బండి ఆపేస్తుంటే ఆ డీజిల్‌లో కొంత బోరు (పిస్టన్ ఆడే గొట్టం) గోడల వెంట చాంబర్‌లోకి, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలోకి దిగుతుంది. అప్పుడు ఆయిల్ ఒకవైపు తగ్గుతున్నా గీత మాత్రం కదలదు, లేదా పైకి పోతుంది. గీత పెరిగిందని సంతోషించే యజమానిని చూసినప్పుడు నాకు నిజంగా భయం వేస్తుంది. డిప్‌స్టిక్ దగ్గర డీజిల్ వాసన వస్తే, ఆయిల్ నీళ్లలా పలచబడితే, పై నుంచి కలపకుండా మొత్తం మార్చాలి. ఈ బండ్లకు బూడిద తక్కువగా మిగిల్చే ఆయిలే పోయాలి, ఎందుకంటే మసి కాలిపోతుంది గాని ఆయిల్ బూడిద ఆ ఫిల్టర్‌లోనే ఉండిపోతుంది.

ఖర్చు నిజమేనని తేలితే ముందు బయటి కారుడు చూడాలి. రాత్రి చాంబర్ కింద అట్టముక్క పరిచి ఉదయం చుక్కలు ఎక్కడ పడ్డాయో గమనించండి. నా బండికి ఒక షెడ్డులో బోరు పని చెప్పారు. అట్టముక్క మీద చుక్కలన్నీ డ్రెయిన్ బోల్టు కిందనే ఉన్నాయి, పాత వాషరునే మళ్లీ బిగించడం వల్ల వచ్చిన కారుడు అది. ట్యాపెట్ కవర్ అంచులు, ఆయిల్ ఫిల్టర్ మొదలు, గేర్‌బాక్స్ కలిసే చోటు కూడా చూడాలి.

బయట పొడిగా ఉంటే పొగను చూడాలి. రాత్రంతా నిలిచిన బండి ఉదయం స్టార్ట్ చేయగానే కాసేపు నీలం పొగ వదిలి ఆగిపోతే వాల్వుల దగ్గర ఆయిల్‌ను ఆపే సీళ్ల మీద అనుమానం. లోడుతో ఎక్కుడు ఎక్కేటప్పుడు విడవకుండా వస్తే రింగుల మీదో, ఇంజిన్‌లోకి గాలిని నెట్టే టర్బో మీదో అనుమానం. బీఎస్-6 బండ్లలో ఫిల్టర్ పొగను కొంత దాచిపెడుతుంది కాబట్టి, పొగ లేదని నిశ్చింతగా ఉండకూడదు. టర్బో నుంచి పోయే గాలి పైపు విప్పి చూస్తే లోపల పలచని జిడ్డు ఉండటం మామూలే, ఆయిల్ మడుగు కట్టి ఉంటే మాత్రం ఆ బండిని నడపకండి. డీజిల్ ఇంజిన్ ఆ ఆయిల్‌నే ఇంధనంగా తాగి, తాళం తీసినా ఆగకుండా పరుగెత్తే ప్రమాదం ఉంది. పై గీత దాటి ఆయిల్ పోసినా అది ఇంజిన్ లోపలి ఆవిరి పోయే బ్రీదర్ పైపు గుండా ఇంజిన్ పీల్చే గాలిలోకి చేరుతుంది.

మా సీమలో వానలు తక్కువ, దుమ్ము ఎక్కువ. ఇక్కడి ఇంజిన్లలో రింగులు త్వరగా అరగడానికి తిరిగిన కిలోమీటర్ల కంటే ఈ దుమ్మే పెద్ద కారణమని నా అభిప్రాయం. ఎయిర్ ఫిల్టర్‌కు పదే పదే గట్టిగా గాలి కొట్టిస్తే కాగితం చిరుగుతుంది. ఫిల్టర్ తీసి, ఇంజిన్ వైపు పైపులో వేలు పెట్టి తుడవండి. వేలికి ఎర్రమట్టి అంటితే ఫిల్టరో, పైపు క్లిప్పో దుమ్మును లోపలికి వదులుతున్నట్టే. ఇది సరిచేయకుండా కొత్త రింగులు వేయిస్తే అవీ అదే దుమ్ముకు అరుగుతాయి. అందువల్ల బోరు పని తప్పదని తేలినా, హెడ్ దించే రోజే ఆ పైపులూ క్లిప్పులూ మార్పించండి. కొత్త రింగులు బోరులో కుదురుకునే వరకు ఆయిల్ కొంత తగ్గడం సహజం కనుక, మొదటి రెండు కొలతలను రాసుకోండి గాని వాటిని బట్టి మెకానిక్‌తో గొడవకు దిగకండి.