అడీనియం కుండీ మార్చడం ఎలా?

ఎడారి గులాబీ అని పిలిచే పూల మొక్క అడీనియం చచ్చిపోయిందని ఎవరైనా చెబితే నేను ముందు అడిగేది ఒకటే: కుండీ మార్చాక నీళ్లు ఎప్పుడు పోశారు? చాలాసార్లు వచ్చే జవాబు, ‘వెంటనే’.

కావలసినవి పెద్దగా లేవు. అడుగున చిల్లులున్న, లోతు తక్కువ మట్టి కుండీ, ముతక ఇసుక, చిన్న గులకరాళ్లు, కొంచెం కంపోస్టు, పదునైన కత్తి, గ్లౌజులు. ప్లాస్టిక్ కుండీ వద్దే వద్దు. గ్లౌజులు మాత్రం మర్చిపోకండి. ఇది గన్నేరుకు చుట్టం, పాలు విషం. ఆఫ్రికాలో వేటగాళ్లు బాణాలకు పూసింది ఈ పాలే.

ఎండలు ముదిరి చిగుళ్లు వేస్తున్నప్పుడే మార్చాలి. చలికి ఆకులు రాల్చి ఉన్నప్పుడు కదపకండి. వారం ముందే నీళ్లు ఆపి, కుండీని పక్కకు వాల్చి తట్టి, మొక్కను తీసి మట్టి దులపండి.

ఇక అసలు పని వేర్లది. ఒక్కో వేరును నొక్కి చూడండి. గట్టిగా ఉంటే ఉంచండి. మెత్తబడి గోధుమ రంగుకు తిరిగితే కుళ్లినట్టే. లోపల మచ్చలేని తెలుపు కనిపించేదాకా కోసేయాలి, ప్రతి కోతకూ కత్తిని స్పిరిట్‌తో తుడవాలి.

కోశాక నాటకూడదు. గాలి తగిలే నీడలో మొక్కను అలాగే వారం రోజులు పడుకోబెట్టండి. ఇక్కడే అందరికీ టెన్షన్ మొదలవుతుంది. ఆకులు వాలతాయి, కొన్ని రాలతాయి, కాండం మొదట్లో ఉబ్బి ఉండే దుంప కాస్త ముడతలు పడుతుంది. పడనివ్వండి. ఆ ఉబ్బిన దుంప నిండా నీళ్లే, వారానికి దానికేం కాదు. గాయం మీద పొర గట్టిపడకముందే తడి తగిలితే కుళ్లు దుంపలోకి పాకుతుంది. కాండం మొదలు మెత్తబడ్డాక గానీ మనకు తెలియదు. గాయానికి ఏ మందు పొడి చల్లినా సరే, ఈ వారం ఎగ్గొట్టడానికి లేదు.

తర్వాత ఇసుక, గులకరాళ్లు కలిపి రెండు పాళ్లు, కంపోస్టు ఒక పాలు వేసి నాటండి. కొబ్బరి పొట్టు కలపమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. అది తేమను పట్టుకుని వదలదు, మనం ఇంత తంటాలు పడేదే తేమ వదిలించుకోవడానికి. దుంప పాత కుండీలో కంటే రెండు సెంటీమీటర్లు పైకి ఉండాలి. కొత్తగా బయటపడిన చర్మం ఎండకు కాలిపోతుంది కాబట్టి కొన్నాళ్లు పల్చటి నీడలో పెట్టండి.

నాటాక కూడా ఇంకో వారం పొడిగానే ఉంచండి. ఆ తర్వాత అడుగు చిల్లుల్లోంచి కారేదాకా ఒకసారి పోసి, మట్టి లోపలిదాకా ఎండాకే మళ్లీ పోయాలి. ఎరువు కొత్త ఆకులు వచ్చాకే. నత్రజని ఎక్కువైతే కొమ్మలు సాగుతాయే తప్ప పూలు రావు. అంటు మొక్క అయితే అంటు కింద పుట్టే చిగుళ్లను ఎప్పటికప్పుడు తుంచేయండి. లేదంటే మీరు ఇష్టపడి కొన్న గులాబీ రంగు ముద్ద పూల కొమ్మను అవి అణిచేస్తాయి.