జాబితాలో లేని మాటకూ చోటివ్వండి: వర్డ్ ఫారంలో కాంబో బాక్స్

బందరులో ఒక జూనియర్ కాలేజీ ఆఫీసులో పనిచేస్తాను. జూన్ వచ్చిందంటే అడ్మిషన్ ఫారాలన్నీ నా టేబుల్ మీదే ఉంటాయి. చేతిరాతలు చదవలేక, కొన్నేళ్ల కిందట ఫారాన్ని వర్డ్‌లో నేనే తయారు చేశాను. తండ్రి వృత్తి అన్నచోట డ్రాప్‌డౌన్ పెట్టాను. వ్యవసాయం, ప్రభుత్వ ఉద్యోగం, ప్రైవేటు ఉద్యోగం, వ్యాపారం, కూలి. ఈ ఐదూ చాలనుకున్నాను.

ఆ ఏడాదే పెడన నుంచి ఒకమ్మాయి వాళ్ల నాన్నతో వచ్చింది. ఆయన కలంకారీ అద్దకానికి టేకు చెక్క మీద అచ్చులు చెక్కుతారు. నేను మౌస్‌తో జాబితా తెరిచి చూపించాను. ఆయన ఒక్క క్షణం చూసి, "కూలి అని పెట్టేయండి మేడమ్, ఏముందిలే" అన్నారు. అమ్మాయి ఊరుకోలేదు. "కూలేంటి నాన్నా, నువ్వు అచ్చులు చెక్కుతావుగా" అంది. సరే, అదే టైప్ చేద్దామని పెట్టెలో క్లిక్ చేశాను. కీబోర్డు మీద ఏది కొట్టినా ఒక్క అక్షరం పడలేదు. చివరికి ప్రింట్ తీసి, 'కూలి' అన్నదాన్ని పెన్నుతో కొట్టేసి పక్కన రాశాను. ఆ కొట్టివేత నన్ను చాలా రోజులు బాధపెట్టింది. తప్పు ఫారం చేసిన నాదే కాబట్టి, ఆ వారమే కూర్చుని దాన్ని మార్చాను. ఎలాగో మీకూ చెబుతాను.

వర్డ్‌లో జాబితా పెట్టెలు రెండు రకాలు. డ్రాప్‌డౌన్ లిస్ట్‌లో ఉన్నవాటిలో ఒకటి ఎంచుకోవడమే, వేరే దారి లేదు. కాంబో బాక్స్‌లో జాబితా నుంచి ఎంచుకోవచ్చు, కావలసింది అందులో లేకపోతే అక్కడే టైప్ చేయవచ్చు. 2007 వెర్షన్ నుంచి రెండూ ఉన్నాయి. చూడటానికి ఒకేలా ఉంటాయి, అందుకే చాలామంది తెలియక మొదటిదే పెట్టేస్తారు.

ముందు డెవలపర్ ట్యాబ్ కనబడాలి. ఫైల్‌లో ఆప్షన్స్ తెరిచి, కస్టమైజ్ రిబ్బన్‌కు వెళ్లి, కుడివైపు జాబితాలో డెవలపర్ ముందు టిక్ పెట్టండి. ఇప్పుడు కర్సర్‌ను ఫారంలో పెట్టె రావలసిన చోట ఉంచి, డెవలపర్‌లో కంట్రోల్స్ గుంపు చూడండి. బొమ్మల్ని నమ్ముకోకండి. మౌస్‌ను ఒక్కోదాని మీద ఆపితే పేరు వస్తుంది. 'కాంబో బాక్స్ కంటెంట్ కంట్రోల్' అని వచ్చినదాన్నే నొక్కండి.

పెట్టె వచ్చాక దాన్ని ఎంచుకుని ప్రాపర్టీస్ తెరవండి. టైటిల్‌లో 'తండ్రి వృత్తి' అని రాస్తే, పెట్టెలో క్లిక్ చేసినప్పుడు ఆ మాట పైన కనిపిస్తుంది. కింద యాడ్ నొక్కి ఒక్కో వృత్తీ చేర్చండి. డిస్‌ప్లే నేమ్‌లో టైప్ చేస్తుంటే వాల్యూలో కూడా అదే పడుతుంది, దాన్ని అలాగే వదిలేయండి. వరుస మార్చాలంటే మూవ్ అప్, మూవ్ డౌన్ ఉన్నాయి. అక్కడే రెండు టిక్‌లు ఉంటాయి. కంట్రోల్‌ను డిలీట్ చేయకుండా ఆపేదానికి టిక్ పెట్టండి, లేదంటే ఎవరో ఒకరు పొరపాటున పెట్టెనే చెరిపేస్తారు. లోపలి విషయాన్ని ఎడిట్ చేయకుండా ఆపేదాన్ని మాత్రం ముట్టుకోకండి. అది పెడితే టైప్ చేయడం సంగతి అటుంచి, ఎంచుకోవడం కూడా కుదరదు.

తెలుగు ఫారాలు చేసేవాళ్లకు ఇక్కడ ఒక చిక్కు వస్తుంది. మా పాత ఫారం అనూ ఫాంట్‌లో ఉండేది. అందులోంచి మాటల్ని కాపీ చేసి జాబితాలో పేస్ట్ చేశాను. జాబితా తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాలు, ఏవేవో గుర్తులు. అనూలో తెలుగు కనిపించేది ఆ ఫాంట్ వేసినప్పుడే. కిందికి జారే జాబితాకు మనం ఫాంట్ వేయలేం, కాబట్టి అసలు అక్షరాలు బయటపడిపోతాయి. జాబితాను యూనికోడ్‌లోనే, అంటే ప్రత్యేకంగా ఫాంట్ వేయకపోయినా తెలుగుగానే కనిపించే పద్ధతిలోనే, టైప్ చేయండి. విండోస్‌లో తెలుగు కీబోర్డు చేర్చుకుంటే చాలు. నింపేవాళ్లు టైప్ చేసేది ఏ స్టైల్‌లో పడాలో ప్రాపర్టీస్‌లోనే ఎంచుకోవచ్చు. గౌతమి లాంటి యూనికోడ్ ఫాంట్ ఉన్న స్టైల్ పెడితే ఫారమంతా ఒకే తీరుగా ఉంటుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది, ఎక్కువమంది వదిలేసేది, పెట్టెలో ముందే కనిపించే బూడిదరంగు వాక్యం. మామూలుగా అది 'చూజ్ ఏన్ ఐటెమ్' అని ఇంగ్లిష్‌లో ఉంటుంది. అది చూసినవాళ్లకు టైప్ చేయవచ్చని ఎలా తెలుస్తుంది? డెవలపర్‌లో డిజైన్ మోడ్ నొక్కి, ఆ వాక్యం తీసేసి, 'జాబితాలో ఉంటే ఎంచుకోండి, లేకపోతే ఇక్కడే రాయండి' అని మార్చండి. తర్వాత డిజైన్ మోడ్ ఆపేయండి. నేను కాంబో బాక్స్ పెట్టిన కొత్తలో ఈ పని చేయలేదు. పెట్టె మారింది కానీ జనం ఎప్పటిలాగే 'కూలి' దగ్గరే ఆగిపోయారు. వాక్యం మార్చాకే రాయడం మొదలుపెట్టారు.

చివర్లో, డెవలపర్‌లోనే ఉండే రిస్ట్రిక్ట్ ఎడిటింగ్. అందులో 'ఫిల్లింగ్ ఇన్ ఫార్మ్స్' ఎంచుకుని రక్షణ మొదలుపెడితే, పెట్టెలు తప్ప మిగతా ఫారం ఎవరూ కదపలేరు. కాంబో బాక్స్‌లో టైప్ చేయడానికి ఇదేం అడ్డు రాదు. పాస్‌వర్డ్ పెడితే ఎక్కడైనా రాసిపెట్టుకోండి. ఫారాన్ని టెంప్లేట్‌గా సేవ్ చేస్తే తెరిచిన ప్రతిసారీ కొత్త కాపీ వస్తుంది.

అలాగని ప్రతిచోటా కాంబో బాక్స్ పెట్టకండి. ఎంపీసీ, బైపీసీ, సీఈసీ లాంటి గ్రూపుల దగ్గర పెడితే ఒకరు చుక్కలతో, ఇంకొకరు చుక్కల్లేకుండా రాస్తారు, లెక్క తీసేటప్పుడు ఒకే గ్రూపు మూడు పేర్లతో తేలుతుంది. రక్త గ్రూపు కూడా అంతే, ఉన్నవి ఎనిమిదే, డ్రాప్‌డౌన్ చాలు. వృత్తి, మాతృభాష, ఊరు వేరు. వాటిని మనం ఎంత ఆలోచించి రాసినా ఎవరో ఒకరు మిగిలిపోతారు. జిల్లా కూడా వీటిలోకే వస్తుందని నాకు 2022లో అర్థమైంది. ఏప్రిల్ 4న ఆంధ్రలో 13 జిల్లాలు 26 అయ్యాయి. మా ఫారంలో 13 మాత్రమే ఉన్నాయి, బాపట్ల పిల్లలకు బాపట్ల లేదు.

కాంబో బాక్స్ బూడిదరంగులో ఉండి నొక్కుడు పడకపోతే మీ ఫైల్ పాత 97-2003 రకం అయి ఉంటుంది. ఫైల్‌లో ఇన్ఫోకు వెళ్లి కన్వర్ట్ నొక్కండి. కన్వర్ట్ చేసే వీలు లేకపోతే పాత లెగసీ డ్రాప్‌డౌనే గతి. అందులో 25 అంశాలకు మించి పట్టవు, టైప్ చేయడమూ ఉండదు. అలాంటప్పుడు చివర 'ఇతరం' అని పెట్టి, పక్కనే ఒక టెక్స్ట్ ఫీల్డ్ ఇవ్వండి.

ఒక సంగతి గుర్తుంచుకోండి. ఎవరైనా టైప్ చేసిన మాట ఆ ఒక్క ఫారంలోనే ఉంటుంది, దానంతటది జాబితాలో చేరదు. అందుకని అడ్మిషన్లు అయ్యాక ఫారాలన్నీ తెరిచి, కొత్తగా ఏమేం రాశారో ఒక పుస్తకంలో రాసుకుంటాను. చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ నగల పని చాలాసార్లు వచ్చింది. చేపల వేలం, ఐస్ ఫ్యాక్టరీ, రొయ్యల చెరువు కాపలా, మగ్గం. రెండుసార్లకు మించి వచ్చినవాటిని టెంప్లేట్ రక్షణ తీసి, యాడ్ నొక్కి చేర్చి, మళ్లీ రక్షణ పెడతాను. అచ్చులు చెక్కడం మాత్రం రెండోసారి రాకముందే చేర్చేశాను.